కృష్ణుడికి చలిజ్వరం

పండగ పూట నటులకు జబ్బు చేసిందని నాటకం ఆపేయడం డబ్బున్న దేశాల వైభోగం. 2021 డిసెంబరులో ఒమిక్రాన్ దెబ్బకు న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లు ఒకదాని వెనక ఒకటి తెర దించాయి. హీరో హ్యూ జాక్‌మన్‌కు కొవిడ్ అనగానే ‘ది మ్యూజిక్ మ్యాన్’ ఆటలు కొన్ని రోజులు రద్దు.

తెలుగు పద్యనాటకానికి ఈ బెడద లేదు. కాంట్రాక్టు నాటకాల ధర్మమా అని ఒక్క ‘రాయబారం’ నాటకంలోనే ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగుతారు. పడక సీను కృష్ణుడు చలిజ్వరంతో ముసుగు తన్నితే రాయబారం సీను కృష్ణుడు ఉండనే ఉన్నాడు. కాకపోతే రాగం మరో అరగంట సాగుతుంది. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి వారిది ఇంకా సులువు. కుటుంబమే కంపెనీ గనుక, ఎవరు మంచం పట్టినా ఆ వేషం వదినకో మేనల్లుడికో అప్పటికే నోటికొచ్చి ఉంటుంది.

ఇక సింగరేణి మండల కేంద్రం కారేపల్లి సంగతి చూద్దాం. ఇటు ఖమ్మం, అటు భద్రాద్రి అడవి. ఈ ఏజెన్సీ అంచున మలేరియా, డెంగీ దోమలు దసరాకు కూడా సెలవు పెట్టవు. ప్లేట్‌లెట్లు పడిపోతే కిరీటం తీసి సెలైన్ ఎక్కించుకోవాల్సిందే. అయితే రద్దు కావాలంటే ముందు నాటకమంటూ ఉండాలి కదా! పండగ స్టేజీలను డీజే బాక్సులు ఎప్పుడో ఆక్రమించాయి. వాటికి జ్వరం రాదు, గొంతు పోదు. చెవుల్లో దూది, జేబులో పారాసిటమాల్ మాత్రం ప్రేక్షకులే తెచ్చుకోవాలి.