యెజెబెలు లిప్‌స్టిక్కు

అయ్యగారూ, వందనాలు. ఉజ్జీవ సభల్లో మీరు పదేపదే చేస్తున్న హెచ్చరిక మా చెవిన పడింది. బైబిలును దళితుల వైపు నుంచి, ఆడవాళ్ల వైపు నుంచి, ఆదివాసుల వైపు నుంచి చదవడం శరీరానుసారమైన పని అంటున్నారు. ఏ వైపూ నిలబడకుండా చదవడమే ఆత్మీయం అంటున్నారు. అది మాకు చేతకాదండీ. కూలికి పోయే మనిషి ఎక్కడో ఒకచోట నిలబడక తప్పదు. మీకు ఆ ఇబ్బంది లేదు, కుర్చీ వేస్తారు. వెల్వెట్టు గుడ్డ కప్పిన ఆ కుర్చీలోంచి చదివితే అది వాక్యం. కింద పరిచిన టార్పాలిన్ పట్టా మీద కూర్చుని చదివితే అది దృక్పథం. (పట్టా అంటే మాలో చాలామందికి దక్కింది ఇదొక్కటే.)

మీ పద్ధతికి గొప్ప వంశావళే ఉంది. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది, బ్రిటిష్ వెస్టిండీస్‌లోని నల్లజాతి బానిసల కోసం. మామూలు బైబిల్లో 1,189 అధ్యాయాలుంటే అందులో మిగిలినవి 232. అన్నలు యోసేపును అమ్మేసిన కథ ఉంచారు, మోషే జనాన్ని ఐగుప్తు దాటించిన కథ తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ పత్రిక మాట ఉంది, దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదన్న గలతీ పత్రిక మాట లేదు. ఆ కత్తెర పట్టిన పుణ్యాత్ములు తమకొక వైపు ఉందని అనుకుని ఉండరు. బానిసల ఆత్మల మేలు కోరామనే అనుకుని ఉంటారు.

అమెరికాలో హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి దైవశాస్త్రవేత్త ఉండేవారు. చిన్నప్పుడు అమ్మమ్మకు బైబిలు చదివి వినిపించడం ఆయన పని. ఆమెకు అక్షరం రాదు. కీర్తనలు వినేది, యెషయా వినేది, సువార్తలు వినేది. పౌలు దగ్గరకొచ్చేసరికి మాత్రం, ప్రేమ అధ్యాయం తప్ప, చదవనిచ్చేది కాదు. బానిసగా ఉన్న రోజుల్లో యజమాని పిలిపించే తెల్ల బోధకుడు ఎప్పుడు నోరు తెరిచినా పౌలును పట్టుకుని లోబడమనేవాడట. విడుదలయ్యాక ఆ భాగం వినేది లేదని ఆమె అప్పుడే ఒట్టు పెట్టుకుంది. మనవడు 1949లో రాసిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. మీ లెక్కన ఆ బోధకుడిది వాక్యపరిచర్య, ఆ ముసలమ్మది దుర్బోధ.

మీకు కత్తెరతో పని లేదు. పుస్తకం పూర్తిగానే ఉంటుంది, అంచులకు బంగారు రంగు కూడా వేయిస్తారు. మైకు మాత్రం కొన్ని పేజీల దగ్గరే మోగుతుంది. దశమభాగం కోసం మలాకీ మూడో అధ్యాయం పదో వచనాన్ని అరిగిపోయేదాకా చదువుతారు. అదే అధ్యాయం ఐదో వచనంలో, కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద దేవుడే సాక్షిగా దిగివస్తానన్నాడు. మధ్యలో ఉన్నవి నాలుగే వచనాలు. ఆ నాలుగూ వెనక్కి నడవడానికి మీకు ఎందుకంత ఆయాసం? యాభయ్యేళ్లకోసారి భూమిని పాత హక్కుదారుకు తిరిగి ఇచ్చేయమన్న లేవీయకాండం సంగతి ఎత్తను. ఆ ఏడు వచ్చిందని చాటే సునాద బూర మీ సౌండ్ సిస్టమ్‌లో పలకదు.

సమరయ స్త్రీ దగ్గరకు వద్దాం. ఈవిడంటే మీకు మహా ఇష్టం, మొగుళ్లను లెక్కపెట్టొచ్చు. ఐదుగురు, ఇప్పుడున్నవాడు మొగుడు కాడు. గంటన్నర ప్రసంగంలో గంట పైచిలుకు ఈ లెక్కకే పోతుంది. మా ఆడవాళ్లు వేరే చోట ఆగుతారు. బావి ఎవరిది? చేద ఎవరిది? వీళ్ల కుండలో నీళ్లు వాళ్లు తాగుతారా? ఆమె యేసును మొట్టమొదట అడిగింది కూడా అదే కదా, యూదుడివై ఉండి నన్నెలా నీళ్లడుగుతున్నావని. ఆయన దగ్గర చేద కూడా లేదు. ముట్టకూడనామె కుండ నీళ్ల కోసం రక్షకుడు చెయ్యి చాచాడన్న సంగతి, గ్రీకు ముక్క రాకుండానే, మావాళ్లకు చటుక్కున తగులుతుంది.

నీళ్లూ బిందే అనగానే గుర్తొచ్చేది కారంచేడు. 1985 జూలై, అప్పటి ప్రకాశం జిల్లా. మాదిగలు తాగే చెరువు నీళ్లను ఎందుకు మురికి చేస్తారని ఒక కుర్రాడు అడిగితే కమ్మ యువకులు అతణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన ఒకామె బిందె ఎత్తి ఎదురు నిలిచింది. ఆమె పేరు మున్నంగి సువార్త. జూలై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ పల్లెలో చాలామంది క్రైస్తవులే. గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు ఎవర్నీ బాప్తిస్మం సర్టిఫికెట్టు అడగలేదు.

సర్టిఫికెట్టు అడిగే ఆ ముచ్చట సుప్రీంకోర్టు తీర్చింది, అదే ఏడాది సెప్టెంబరు 30న, సూసై కేసులో. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషాయన. చెప్పులు కుట్టే దళితులకు ప్రభుత్వం ఉచితంగా బంకులిస్తూ, క్రైస్తవుడన్న కారణంతో ఆయన్ను పక్కన పెట్టింది. మతం మారాక కూడా కులం వెంట వచ్చిందని చూపితే చాలదు, దాని బాధ కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉందని చూపించాలి అన్నది కోర్టు. రెండున్నర నెలల కిందటి కారంచేడు వార్త ఢిల్లీకి ఇంకా చేరలేదు కాబోలు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులస్థుడు హిందువై ఉండాలి. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు గేటు తీశారు. క్రైస్తవుడు ఇంకా బయటే. సరే, నీళ్లలో మునిగితే కులం కొట్టుకుపోతుందని ఒప్పుకుందాం. మరి మన రాష్ట్రాల్లో బీసీ-సి ఎవరికి? షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లకు, వాళ్ల సంతానానికి. 1 శాతం రిజర్వేషను. మునిగినవాడికి కులం పోయిందని ఒక ఫైలు, వాడి మునిమనవడిక్కూడా పోలేదని ఇంకో ఫైలు. రెండింటి మీదా ముద్ర సర్కారుదే. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదటి ఫైలే నమ్మింది. కులం పేరుతో తిట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరుకు, క్రైస్తవంలోకి మారినవాడు కనుక, అట్రాసిటీ చట్టం వర్తించదంది.

క్రైస్తవంలో కులం లేదంటే మీ స్టేజీ మీంచి ఆమెన్ వినిపిస్తుంది. పెళ్లి సంబంధాల ప్రకటనలు మాత్రం ఆ ఆమెన్ వినవు. తిరిగి జన్మించిన రెడ్డి క్రైస్తవ వరుడికి తిరిగి జన్మించిన రెడ్డి క్రైస్తవ వధువే కావాలి. తిరిగి పుట్టినా అదే ఇంట్లో పుట్టడం వీళ్లకే చెల్లింది. మావాళ్లూ తక్కువ తినలేదు లెండి. మాలల చర్చి ఇటు, మాదిగల చర్చి అటు. బిషప్పు ఎన్నిక వచ్చిందంటే పరిశుద్ధాత్మ ఏ పేట వైపు మొగ్గుతుందో మా పెద్దలు ముందే వేళ్ల మీద లెక్కగడతారు.

ఈ అట్టడుగు చదువు పైదేశాల నుంచి దిగుమతైన సరుకని మీ అనుమానం. ఒంగోలు ఏ దేశంలో ఉంది? జాన్ క్లౌ దొరగారు అక్కడికొచ్చింది 1866లో. ఆ రోజుల్లోనే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య వెనకాల మాదిగలు వస్తుంటే ఊళ్లోని బ్రాహ్మలు, పెద్ద కులాలవాళ్లు అడ్డు చెప్పారు. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ వచ్చింది ఒకటే పేజీ, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఏరుకున్నాడన్న మాట అది. మాదిగలే వచ్చారు. 1876-78 కరువులో, అన్నం కోసం మారారన్న మాట రాకూడదని, క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలిపని మాత్రం ఇప్పించాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. కడుపు నిండినవాళ్లు బియ్యం క్రైస్తవులనే అన్నారు, అది వేరే సంగతి. అప్పట్లో మీరు దొరగారి పక్కన సలహాదారుగా ఉండి ఉంటే, ఆ పేజీ శరీరానుసారంగా తెరుచుకుందని చెప్పి ఇంకో పేజీ తీయించేవారు. అప్పుడు మీ గుడారం కింద ఇవాళ కూర్చునే జనమూ ఉండేది కాదు, కానుకల సంచీ నిండేదీ కాదు.

దళిత దైవశాస్త్ర పండితులకూ ఒక వందనం బాకీ ఉంది. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో మొదలైన దారి వాళ్లది. ఆ తర్వాత గ్రంథాలొచ్చాయి, డాక్టరేట్లొచ్చాయి, సెమినార్లు జరిగాయి, చాలావరకు ఇంగ్లీషులోనే. గొంతు లేనివాళ్ల గొంతు మేమే అంటారు. ఆ గొంతు విందామంటే పల్లెలో నాట్లు వేసే మనిషి ముందు ఐఈఎల్‌టీఎస్ పాసవ్వాలి.

ఇక అసలు అధ్యాయం. రాజుల మొదటి గ్రంథం, ఇరవయ్యొకటి. అహాబు కోట పక్కనే నాబోతు ద్రాక్షతోట. రాజుగారికి కూరగాయల తోట వేసుకోవాలని మనసైంది. మారు భూమి ఇస్తానన్నాడు, కాదంటే రొక్కమిస్తానన్నాడు. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. రాజు అలిగి, అన్నం మానేసి, మంచమెక్కాడు. అప్పుడు యెజెబెలు కాగితాల పని చేతిలోకి తీసుకుంది. రాజముద్ర వేసిన ఉత్తరాలు, ఊరి పెద్దల సమావేశం, ఇద్దరు దొంగసాక్షులు, దేవదూషణ కేసు, రాళ్లు, ఆపైన స్వాధీనం. ఎక్కడా పద్ధతి తప్పలేదు. అసైన్డు భూమి పోగొట్టుకున్న ఏ పల్లెలోనైనా దీన్ని చదివి చూడండి. వ్యాఖ్యానం అక్కర్లేదు, ఏ పాత్ర ఎవరిదో పేరు పెట్టి చెబుతారు. ఒక్కచోట మాత్రం ముక్కున వేలేసుకుంటారు. ఈ పనంతటికీ ముందు యెజెబెలు ఊళ్లో ఉపవాసం చాటించింది. కాజేసే ముందు ప్రార్థన పెట్టించాలన్న తెలివి అంత పాతదా అని.

మీ ప్రసంగాల్లోనూ యెజెబెలు వస్తుంది, ముఖ్యంగా స్త్రీల కూటాల్లో. లిప్‌స్టిక్కు వేసుకునే ఆడపిల్లలకు బుద్ధి చెప్పడానికి వస్తుంది. రాజుల రెండో గ్రంథంలో, చచ్చే ముందు, ఆమె కళ్లకు రంగు పెట్టుకుంది కదా! ఒక రైతును చంపించి తోట లాక్కున్న రాణి మీద మీరు మోపగలిగిన నేరం అదొక్కటే.

నాబోతు ఊసు ఎత్తితే వచ్చే చిక్కు మాకు తెలియంది కాదు. మా ముత్తవ్వలు పూటపూటా పిడికెడు బియ్యం తీసిపెట్టి నిలబెట్టుకున్న సంఘాలకు మిషన్ కాంపౌండ్లు మిగిలాయి. చాలా ఊళ్లలో వాటి రోడ్డు వైపు ముక్క షాపింగ్ కాంప్లెక్సు అయింది, వెనక ముక్క కోర్టులో ఉంది. అమ్మకం తీర్మానం రాసిన మినిట్స్ పుస్తకంలో మొదటి వాక్యం, కూటము ప్రార్థనతో ప్రారంభమైనది. ఆ తీర్మానం కాపీ ఒకటి మా సంఘానికి ఇప్పించండి. సమాచార హక్కు చట్టం మీకు వర్తించదని మీ లాయరుగారు ముందే సెలవిచ్చారు కనుక, ప్రేమపూర్వకంగానే అడుగుతున్నాం.