లిటరల్లీ పట్టింపులు

‘నవ్వలేక లిటరల్లీ చచ్చిపోయాను’ అని ఎవరైనా అనడం ఆలస్యం, ‘మరి పెద్దకర్మ ఎప్పుడు?’ అని అడిగే ఇంగ్లీషు పండితులు మన చుట్టూ ఉన్నారు. లిటరల్లీ అంటే అక్షరాలా అని, పోయినవాడు కబుర్లు చెప్పలేడని వారి వాదం. తర్కం బాగానే ఉంది, చరిత్రే సహకరించడం లేదు. ఆ మాటను అతిశయోక్తికి వాడిన దాఖలాలు 1769 నుంచే ఉన్నాయి. డికెన్స్ వాడాడు. మార్క్ ట్వేన్ 1876లో టామ్ సాయర్‌ని లిటరల్లీ సంపదలో దొర్లించాడు. అంతెందుకు, మన ‘అక్షరాలా’ సంగతి చూడండి. ఎండాకాలం పేపర్లో రామగుండం అక్షరాలా నిప్పుల కొలిమి అవుతుంది, అయినా అది చదివి ఫైరింజనుకు ఫోను చేసినవాడు లేడు.

అసలు ఈ కావలివాళ్లు కాపాడేది మాట పాత అర్థాన్ని కాదు, తాము టెన్త్ చదివేనాటి అర్థాన్ని. పాతదే ప్రమాణమైతే 14వ శతాబ్దంలో ‘నైస్’ అంటే తెలివితక్కువ అని అర్థం. ‘నైస్ బాయ్’ అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పిన సంబంధాలన్నీ వదులుకోవాలి. ‘డెసిమేట్’ అంటే పదిమందిలో ఒకణ్ణి చంపే రోమన్ సైన్యపు శిక్ష, సర్వనాశనం కాదు అని దబాయించేవారు, అదే ‘పది’లోంచి పుట్టిన డిసెంబరును మాత్రం కిమ్మనకుండా పన్నెండో నెలగా ఒప్పుకుంటారు. నూనె అంటే నువ్వుల నెయ్యి. అయినా వేరుశనగ నూనె అమ్మాడని కొట్టువాడితో ఎవరం తగువుపడం.

అలాగైతే ఎవడి అర్థం వాడిదేనా, మాటకు కట్టుబాటే అక్కర్లేదా అంటారు. ఒక్కడు అంటే తప్పే. ఊరంతా అంటే నిఘంటువే దిగొస్తుంది. కానీ ఒక చోట ఈ చాదస్తం వాళ్ల పక్షమే నేను. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే ఇట్టే అంటుకునేది. ‘ఇన్’ చూసి అంటుకోనిదని పొరబడితే కొంప అంటుకుంటుంది. అందుకే 20వ శతాబ్దంలో అమెరికా అగ్నిప్రమాద నివారణ నిపుణులు జనానికి లాటిన్ పాఠాలు చెప్పకుండా, బోర్డు మీద ‘ఫ్లేమబుల్’ అని రాయమన్నారు. తెలివైన పని అది. తప్పులు పట్టాలని మరీ చేతులు దురదపెడితే హైవే ఎక్కి చూడండి: మన పెట్రోలు ట్యాంకర్లు చాలా వరకు ఇంకా ఆ పాతమాటే వీపున వేసుకుని తిరుగుతున్నాయి.