మూడో హెచ్చరిక దాకా ఆగినవాణ్ణి

బోర్డు కనబడితే చాలు, తప్పు పట్టడం నాకు అలవాటు. ఇంగితం లేనివాళ్లే బోర్డులు రాయిస్తారని నా గట్టి నమ్మకం. తీరా లెక్క చూసుకుంటే, ఆ కరువు ఎక్కువసార్లు చదివిన నా బుర్రలోనే ఉంది.

కొత్తగూడెంలో ఉన్న స్టేషనుకు రైల్వే వాళ్లు ‘భద్రాచలం రోడ్’ అని పేరు పెట్టారు. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ లాగా. ఆ పేరును ఎగతాళి చేస్తూనే చుట్టాలకు అక్కడికి టికెట్లు తీశాను. దిగాక గుడికి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలని మాత్రం చెప్పలేదు. తెలిసే ఉంటుందనుకున్నాను. ముసలివాళ్లు స్టేషను బయట నిలబడి రామాలయం ఎటువైపని అడిగారట.

ఇంకోసారి భద్రాచలం నుంచి పర్ణశాలకు ఆటోలో బయల్దేరాను. ఊరు దాటామో లేదో, ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్ స్వాగత బోర్డు. దుమ్ముగూడెం మండలం తెలంగాణే కదా, ఆంధ్రాలోకి ఎందుకు తీసుకుపోతున్నావని డ్రైవరును నిలదీశాను.

“అవతలి తెలంగాణకు పోవాలంటే మధ్యలో ఆంధ్రా దాటాల్సిందే సార్” అన్నాడు.

నిజమే. పోలవరం ముంపు పేరు చెప్పి 2014లో భద్రాచలం పట్టణాన్ని ఇటు ఉంచి, మండలంలోని మిగతా పల్లెలను అటు కలిపారు. ఊళ్లో చెత్త పోసుకునే జాగా కూడా కరువైందని ఆ రోజుల్లో టీకొట్టు దగ్గర ఉపన్యాసాలిచ్చింది నేనే. పేపర్లో చదివిన సరిహద్దు దారిలో ఎదురుపడితే గుర్తుపట్టలేకపోయాను.

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. గోదావరి విషయంలో చేసింది వేరు.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడు ఉన్నాయంటే మొదటి రెండూ ఉత్తుత్తివేనని నా లెక్క. 2022 జులైలో లోతట్టు కాలనీలో ఉండే పిన్నికి ఖమ్మం నుంచి ధీమాగా ఫోన్ చేశాను: “మూడోది ఇవ్వనీ పిన్నీ, కారేసుకుని వచ్చేస్తా.”

“మూడోది ఇచ్చాక నువ్వొచ్చి ఏం చూస్తావురా?” అంది. అప్పటికే బియ్యం మూట, గ్యాస్ బండ, పట్టాదారు పుస్తకం పక్కింటి మేడ మీదికి చేర్చింది. 1986లో 75.6 అడుగుల వరద చూసిన మనిషి.

నేను సారపాక చేరేసరికి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఖమ్మం నుంచి వచ్చేవాడు భద్రాచలంలో అడుగుపెట్టాలంటే గోదావరి దాటాలి. ఈ ముక్క తెలియడానికి ఏ బోర్డూ చదవక్కర్లేదు. జులై 16న నీరు 71.3 అడుగులకు చేరింది. ఇవతలి ఒడ్డున కారుతో నేను, అవతల పునరావాస కేంద్రంలో పిన్ని. అన్నం తిన్నావా అని తనే నాకు ఫోన్ చేసింది.

ఇప్పుడు నాలుగు చినుకులు పడితే చాలు, సామాన్లు సర్దుకోమని ఫోన్ చేస్తున్నాను. “ఇంకా ఇరవై అడుగుల్లోనే ఉందిరా, పోయి నీ పని చూసుకో” అని పిన్ని కసురుతోంది. ఎప్పుడు కంగారుపడాలో తెలియడమే కాదు, ఎప్పుడు అక్కర్లేదో తెలియడం కూడా ఇంగితమేనట. ఆ రెండో సగం నాకింకా పట్టుబడలేదు.