కూలలేదండీ, గట్టిగా దిగింది

రోదసిలో ఏదీ పేలదు, కూలదు, చెడదు. ఇంజినీర్ల వల్ల కాని పని ప్రకటన రాసే బాబు చూసుకుంటాడు.

2023 ఏప్రిల్ 20న టెక్సాస్ తీరాన స్పేస్‌ఎక్స్ వారి స్టార్‌షిప్ లేచిన నాలుగు నిమిషాలకే తునాతునకలైంది. కింద లాంచ్‌ప్యాడ్ కాంక్రీటు పెళ్లలుగా లేచిపోయింది. కంపెనీ వారు మాత్రం ‘ర్యాపిడ్ అన్‌షెడ్యూల్డ్ డిస్అసెంబ్లీ’ అన్నారు. షెడ్యూల్ వేసుకుని మరీ ముక్కలు చేసేది ఇంకోటుందన్నమాట!

బోయింగ్ స్టార్‌లైనర్ది మరీ నాజూకు వ్యవహారం. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ ఎనిమిది రోజులకని వెళ్లారు. హీలియం కారింది, థ్రస్టర్లు మొరాయించాయి. వాళ్లేమీ అక్కడ చిక్కుకుపోలేదని నాసా, బోయింగ్ అధికారులు ఢంకా బజాయించారు. సెప్టెంబరులో నౌక ఖాళీగా దిగింది. మనుషులు 2025 మార్చిలో వేరే కంపెనీ బండెక్కి వచ్చారు, 286 రోజులకు. నిజమే, సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడు దసరా దాకా కదలకపోయినా చిక్కుకుపోయాడని మనమూ అనం. కాకపోతే అల్లుడికి రోజూ బస్సుంటుంది.

మనవాళ్లేం తక్కువ తిన్నారా? 2019 సెప్టెంబరు 7న చంద్రుడికి 2.1 కిలోమీటర్ల ఎత్తులో ఇస్రో ల్యాండర్ విక్రమ్ మూగబోయింది. అనుకున్న చోటికి 500 మీటర్ల లోపే ‘హార్డ్ ల్యాండింగ్’ అయిందని పార్లమెంటుకు జవాబిచ్చారు. ఆ తర్వాత నాసా విడుదల చేసిన ఫొటోల్లో ముక్కలు కిలోమీటర్ల మేర కనిపించాయి. గట్టిగానే దిగింది పాపం.

2025 మే 18 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్వీ-సీ61 మూడో దశలో మోటారు పీడనం పడిపోయింది. ఈఓఎస్-09 ఉపగ్రహం దక్కలేదు. మూడో దశలో ఒక ‘అబ్జర్వేషన్’ ఉందని, మిషన్ పూర్తి కాలేదని ఒకే వాక్యంలో సెలవిచ్చారు. జనం అబ్జర్వ్ చేసింది ఆ రెండోదే. మా పత్రికలవాళ్లం మాత్రం తీసిపోయామా? లేచేటప్పుడు ‘నిప్పులు చిమ్ముతూ నింగికి’, పడ్డాక లోపలి పేజీలో ‘సాంకేతిక లోపం’.

1979 ఆగస్టు 10న ఇదే శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్ఎల్వీ-3 బంగాళాఖాతంలో పడింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయిందని తేల్చారు. ఆ రోజు విలేకరుల ముందు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావనే కూర్చుని, విఫలమయ్యామని ఒప్పుకుని, బాధ్యత తన మీద వేసుకున్నారని కలాం చెబుతుండేవారు. 11 నెలలకు రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. పాపం, ధావన్‌కు ఈ కొత్త భాష తెలియదు. తెలిసుంటే ఆ సాయంత్రమే ప్రకటన వెలువడేది: ‘బంగాళాఖాతంలో తడి ల్యాండింగ్ విజయవంతం’.