ముందు పుట్టిన ప్రతి

అమెరికా ప్రచురణరంగంలో నా పేరు అడ్వాన్స్ రీడర్ కాపీ. తొందరలో ఉన్నవాళ్ళు ఏఆర్‌సీ అంటారు, పాతకాపులు ఇప్పటికీ గ్యాలీ అనే పిలుస్తారు. పుస్తకం విడుదలకు కొన్ని నెలల ముందే, రచయిత చివరి ప్రూఫులు ఇంకా దిద్దుతుండగానే నేను అచ్చయిపోతాను. ఇది దిద్దని ప్రూఫు అనీ, అమ్మకానికి కాదనీ, ఇందులోంచి ఏదైనా ఉటంకించాలంటే అసలు పుస్తకంతో సరిచూసుకోమనీ నా అట్ట మీద రాసి ఉంటుంది. మామూలు పుస్తకం వెనక అట్ట పాఠకుణ్ణి ఊరిస్తుంది. నా వెనక అట్ట వ్యాపారం మాట్లాడుతుంది: విడుదల తేదీ, ధర, ఐఎస్‌బీఎన్, ప్రచారానికి ఏమేం చేయబోతున్నారన్న చిట్టా. లోపల విషయసూచికలో పేజీ నంబర్ల చోట సున్నాలుంటాయి, బొమ్మ రావలసిన చోట ఖాళీ ఉంటుంది, చివర పదసూచి ఉండవలసిన పేజీలో అది తర్వాత వస్తుందన్న ముక్క ఒకటి కనిపిస్తుంది. చూడ్డానికి చౌకగానే ఉంటాను. అయితే కొద్ది సంఖ్యలోనే వేస్తారు కాబట్టి ఒక్కో ప్రతికి అయ్యే ఖర్చు అసలు పుస్తకం ఖర్చును దాటిపోవడం మామూలే. అంత ఖర్చు పెట్టి నన్ను ఊరికే పంచుతున్నారంటే అది దానధర్మం కాదు. నా చేత చేయించుకోవలసిన పని ఒకటుంది.

ఆ పని విడుదల తేదీకి ముందే జరగాలి. లైబ్రరీ జర్నల్, బుక్‌లిస్ట్, కర్కస్ వంటి పత్రికలు పుస్తకం బజారుకు రాకముందే సమీక్ష వేస్తాయి, ఆ సమీక్షకుల చేతిలో ఉండేది నేనే. అమెరికా పబ్లిక్ లైబ్రరీలు పేరున్న పుస్తకాన్ని విడుదలయ్యాక చూద్దాంలే అని కూర్చోవు. నెలల ముందే ఆర్డరు పెట్టి కేటలాగులో పేరు ఎక్కిస్తాయి, పాఠకులు హోల్డు పెట్టుకుని వరసలో ఉంటారు. ఎన్ని కాపీలు తెప్పించాలి, ఏ శాఖకు ఎన్ని పంపాలి, కొత్త రచయిత మీద డబ్బు పెట్టవచ్చా అన్న లెక్కలన్నీ పుస్తకం పుట్టకముందే తేలాలి. అందుకే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వార్షిక సమావేశాల ప్రదర్శనశాలలో ప్రచురణకర్తలు నన్ను దొంతర్లుగా పేర్చి పెడతారు, టపాలో లైబ్రరీలకు పంపుతారు. 2013లో మొదలైన లైబ్రరీరీడ్స్ అయితే నా మీదా, ఫైళ్ళుగా తిరిగే నా తోబుట్టువుల మీదా ఆధారపడే నడుస్తుంది. నెలనెలా రాబోయే పుస్తకాల్లోంచి పదింటిని దేశంలోని పబ్లిక్ లైబ్రరీల సిబ్బందే ఓట్లు వేసి ఎంచుతారు. విడుదల కాని పుస్తకానికి ఓటు వేయాలంటే విడుదలకు ముందే చదవాలి గదా. బెస్ట్‌సెల్లరు జాబితాలు అమ్మకాలను లెక్కపెడతాయి. ఈ జాబితా మాత్రం చదివినవాళ్ళ మాట మీద నిలుస్తుంది. ఆ తేడాకు కారణం మేమేనన్న గర్వం నాకు లేకపోలేదు.

చిక్కంతా విడుదల తేదీ దాటాక వస్తుంది. నా పని అయిపోయింది, నేను మాత్రం మిగిలే ఉన్నాను. చెక్కుచెదరని పుస్తకంలాగే కనిపిస్తాను, పైగా ఉచితం. వెన్ను మీద ఒక స్టిక్కరు, వెనక ఒక బార్‌కోడు అంటించి అరలో పెడితే తప్పేమిటి? కొన్ని చిన్న లైబ్రరీలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. నన్నడిగితే చేయకూడదంటాను. అయితే అందుకు లోకం చెప్పే కారణం ఒకటి, నా కారణం మరొకటి.

లోకం చూపించే కారణం నా అట్ట మీది ‘అమ్మకానికి కాదు’ అన్న మాట. అదే చట్టమని చాలామంది లైబ్రేరియన్లు కూడా నమ్ముతారు. కాదు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ‘ది కాస్టవే’ అనే నవల వచ్చింది. దీన్ని ఒక డాలరుకు తక్కువగా అమ్మరాదని బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ పుస్తకంలోనే అచ్చేయించింది. న్యూయార్కులోని మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకు అమ్మింది. కొన్న ప్రతిని కొన్నవాడు ఏం చేయాలో ఆంక్ష పెట్టే హక్కు కాపీరైటు ఇవ్వదని కోర్టు తేల్చింది. (ఆ కేసులో ప్రతివాదుల్లో ఒకరైన ఇసిడోర్ స్ట్రాస్ నాలుగేళ్ళ తర్వాత టైటానిక్ ఓడతో పాటు మునిగిపోయారు. ఆయన గెలిచిన సూత్రం మాత్రం ఇప్పటికీ తేలుతూనే ఉంది.) కొన్న పుస్తకం సంగతి సరే, ఉచితంగా వచ్చినదాని మాటేమిటంటారా? దానికి జవాబు పాటల సీడీల నుంచి దొరికింది. యూనివర్సల్ సంస్థ ప్రచారం కోసం పంచిన సీడీల మీద ఇవి మా ఆస్తి, మీకు వాడుకోవడానికి మాత్రమే ఇస్తున్నాం అని రాసింది. ట్రాయ్ ఆగస్టో అనే వ్యక్తి వాటిని సంపాదించి ఈబేలో అమ్మాడు. అడగకుండానే పంపి, తిరిగి ఇమ్మనకుండా, ఎక్కడున్నాయో ఆరా తీయకుండా వదిలేసిన వస్తువు పుచ్చుకున్నవాడి సొంతమే అవుతుందని 2011లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పుస్తకాల గురించి కాదు, నిజమే. కానీ అడగకుండా వచ్చిపడే నా పుట్టుకకూ ఆ సీడీల పుట్టుకకూ తేడా నాకైతే కనిపించదు. కాబట్టి నా అట్ట మీది మాట ప్రచురణకర్త కోరిక మాత్రమే. కోరికను మన్నించడం మర్యాద, మన్నించనివాణ్ణి కోర్టుకీడ్చడం కష్టం.

అలాంటప్పుడు నన్ను అరలో పెట్టవద్దని ఎందుకంటున్నాను? లైబ్రరీ కేటలాగులో ఒక పేరు చేరిందంటే, ఆ పేరుతో లోకంలో ఉన్న పుస్తకం ఇక్కడ దొరుకుతుందని పాఠకుడికి హామీ ఇచ్చినట్టే. ఆ హామీని నేను నిలబెట్టలేను. ఉప్పు చూడడానికి గరిటెలోకి తీసిన కూరను ఎవరూ విస్తట్లో వడ్డించరు. అచ్చుతప్పులదేముంది, అసలు పుస్తకాల్లోనూ ఉంటాయి. 1997లో బ్లూమ్స్‌బరీ వేసిన మొదటి హ్యారీ పాటర్ దిద్దని ప్రూఫు ప్రతులు సుమారు 200. వాటి లోపలి ముఖపత్రం మీద రచయిత్రి పేరు జె.కె. బదులు జె.ఎ. రోలింగ్ అని పడింది. దాన్ని చూసి నవ్వుకోవచ్చు, వేలంపాటలవాళ్ళయితే డబ్బు చేసుకోవచ్చు. నవ్వుతో పోనివి వేరే ఉన్నాయి. కీరా డ్రేక్ రాసిన ‘ది కాంటినెంట్’ అనే టీనేజి నవల 2017 జనవరిలో రావలసింది. 2016 చివర్లో నా జాతి ప్రతులు చదివినవాళ్ళు అందులో కొన్ని జాతుల చిత్రణ అవమానకరంగా ఉందని గట్టిగా అభ్యంతరం చెప్పారు. ప్రచురణకర్త విడుదల ఆపాడు, రచయిత్రి తిరగరాశారు, నవల 2018లో వచ్చింది. మొదటి ఏఆర్‌సీని ఏ లైబ్రరీ అయినా బార్‌కోడు వేసి అరలో పెట్టి ఉంటే, రచయిత్రి స్వయంగా వదులుకున్న పాఠాన్ని ఆవిడ పుస్తకమని పాఠకుడికి ఇచ్చినట్టయ్యేది. ఆ గొడవలో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. ఎవరిదైనా, ఆ రెండు పాఠాలూ ఒకే పుస్తకం కావు.

ఇలాంటివి నూటికో కోటికో ఒకటంటారు. ఒప్పుకుంటాను, నవలల్లో చాలావరకు నాకూ అసలు ప్రతికీ మధ్య తేడా కామాల్లోనే తేలిపోతుంది. కానీ లైబ్రరీకి వచ్చేవాళ్ళు నవలలే చదవరు. వంటపుస్తకంలో దిద్దని కొలత, ఆరోగ్య గ్రంథంలో సరిచూడని మోతాదు, చరిత్ర పుస్తకంలో మారబోయే తేదీ కూడా నాలో ఉండవచ్చు. పదసూచి లేని చరిత్ర పుస్తకం పరిశోధించేవాడికి సగమే పనికొస్తుంది. ఏ ఏఆర్‌సీలో తేడా చిన్నదో, దేనిలో పెద్దదో అసలు పుస్తకం పక్కన పెట్టుకుని పేజీ పేజీ పోల్చితే గాని తేలదు. ఆ అసలు పుస్తకమే చేతికొచ్చాక నాతో పనేముంది?

బలమైన అభ్యంతరం డబ్బుది. పల్లెటూరి లైబ్రరీకి ఏడాదికి కొన్ని పుస్తకాలు కొనడానికే దిక్కులేదు. ఉచితంగా వచ్చిన కొత్త నవలను పక్కన పడేసి నీతులు చెప్పడం కలిగినవాళ్ళ వేషాలు కావా? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. ఏమీ లేని అర కన్నా దిద్దని ప్రతి ఉన్న అర నయమనేవాళ్ళు పాఠకుడి పక్షానే మాట్లాడుతున్నారు. అయితే లెక్కకు రెండో వైపూ చూడాలి. బ్రిటన్లో 1979లో చేసిన చట్టం వల్ల లైబ్రరీలో పుస్తకం అరువు వెళ్ళినప్పుడల్లా రచయితకు కొంత సొమ్ము జమవుతుంది. అమెరికాలో అలాంటిది లేదు. అక్కడ లైబ్రరీ నుంచి రచయితకు దక్కేది ఆ లైబ్రరీ కొన్న ప్రతి మీది రాయల్టీయే. నా మీద ఆయనకు పైసా రాదు. లైబ్రరీ పేదదే, మొదటి నవల రాసినవాడు అంతకన్నా ధనికుడేం కాదు. పైగా అమెరికాలో లైబ్రరీల మధ్య పుస్తకాల అరువు బలంగా నడుస్తోంది. కావలసిన పాఠకుడికి కొద్ది రోజులు ఆలస్యమైనా అసలు ప్రతినే పక్క జిల్లా నుంచి తెప్పించి ఇవ్వవచ్చు. అది కూడా వీలుకాని చోట నన్ను కేటలాగులో ఎక్కించకుండా, తలుపు దగ్గర ఎవరైనా తీసుకెళ్ళండి అని రాసిన పెట్టెలో పడేయండి. అందులో ఉన్నదానికి లైబ్రరీ పూచీపడటం లేదని అందరికీ తెలుసు. నా అభ్యంతరం నన్ను చదవడం మీద కాదు, నాకు లేని హోదా కట్టబెట్టడం మీద.

లైబ్రరీ మిత్రమండళ్ళు నడిపే పాత పుస్తకాల సంతలో నన్ను అమ్మి, ఆ డబ్బుతో లైబ్రరీకే సాయం చేయవచ్చు గదా అన్నది ఇంకో వాదం. చట్టం అడ్డు రాదని పైనే చెప్పాను. నా అభ్యంతరం లెక్కకు సంబంధించినది: ఒక డాలరో రెండు డాలర్లో వస్తాయి. అట్ట మీద అమ్మవద్దని ఉన్నదాన్ని అమ్మిన లైబ్రరీకి వచ్చే ఏడాది ప్రచురణకర్త పంపే డబ్బా కాస్త పలచబడుతుంది. రెండు డాలర్ల కోసం ఇరవై ప్రతులను పోగొట్టుకోవడం మంచి బేరం అనిపించుకోదు.

మరి నన్నేం చేయాలి? ముందు సిబ్బంది చదవాలి. పాఠకుడు ఏదైనా మంచి పుస్తకం చెప్పండి అన్నప్పుడు చదివి చెప్పే మాటకూ, ప్రకటన చూసి చెప్పే మాటకూ తేడా ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత పిల్లల చేతికి వెళ్ళాలి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్లో యువపాఠకుల విభాగమైన యాల్సా టీనేజి పుస్తక బృందాలకు గ్యాలీలు చేరే ఏర్పాటు చేసింది. పిల్లలు చదివి రాసిన అభిప్రాయాలు తిరిగి ప్రచురణకర్తలకు వెళ్ళేవి, టీనేజి పిల్లల ఓట్లతోనే టీన్స్ టాప్ టెన్ జాబితా తయారయ్యేది. వేసవి పఠన కార్యక్రమాల్లో నన్ను బహుమతిగా ఇచ్చే లైబ్రరీలూ ఉన్నాయి. ఇంకా విడుదల కాని పుస్తకం నీ మాట కోసం ఎదురుచూస్తోందని ఓ పద్నాలుగేళ్ళ పిల్లకు చెప్పడం కన్నా గొప్ప బహుమతి ఇరవై డాలర్ల గిఫ్టు కార్డులో ఉందనుకోను. ఇదంతా అయ్యాక నలిగిపోయిన నన్ను కాగితపు గుజ్జుకు పంపితే నాకేం చిన్నతనం లేదు.

తెలుగు పాఠకులకు నా జాతి అంత పరిచయం లేదు. తెలుగులో పత్రికలకు సమీక్ష కోసం పంపేది అచ్చయి బైండైన పుస్తకాన్నే, సమీక్ష వచ్చేది ఆవిష్కరణ సభ ముగిసిన తర్వాతే. అక్కడ సమీక్ష వచ్చినా లైబ్రరీ ఆర్డరుకు అది అందదు, ఆ లోటు లోటే. కానీ ఒక విషయంలో భారతదేశపు చట్టం నా పక్షానే ఉంది. ప్రచురణకర్తలు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా వంటి పబ్లిక్ లైబ్రరీలకూ ప్రతులు ఇవ్వాలన్న 1954 నాటి చట్టం, జాతీయ గ్రంథాలయానికి చేరే ప్రతి పూర్తిగా తయారైనదై, బొమ్మలూ పటాలన్నీ ఉండి, అన్నిటికన్నా మేలైన కాగితం మీద అచ్చయినదై ఉండాలని విడమరచి చెబుతుంది. అరలో నిలిచేదానికి ఆ మాత్రం అర్హత ఉండాలన్నదే నా వాదం.

ఇక్కడ ఒక మినహాయింపు ఇవ్వాలి. రచయిత ఏ వాక్యం కొట్టేశాడు, ఏ ముగింపు మార్చాడు అని వెతికే పరిశోధకుడికి నా తప్పులే కావాలి. విశ్వవిద్యాలయాల ప్రత్యేక సేకరణల్లో నన్ను నా పేరుతో, దిద్దని ప్రూఫుగా కేటలాగు చేసి దాచడం ఎంతో సబబు. అక్కడ నేను పుస్తకం వేషం వేయడం లేదు. ఇప్పుడు ఆ అవకాశానికే ముప్పు వచ్చింది. ఎడెల్‌వైస్, 2008లో మొదలైన నెట్‌గ్యాలీ వంటి వేదికల మీద ప్రచురణకర్తలు నన్ను ఫైలుగా పంపడానికి అలవాటు పడ్డారు, కాగితం ప్రతులు తగ్గిస్తున్నారు. చదివి ఓటు వేసే లైబ్రేరియన్‌కు అది సుఖమే. ఆ ఫైలుకు గడువుంటుంది, దాన్ని ఎవరూ అరలో పెట్టలేరు, సంతలో అమ్మలేరు, కాబట్టి నేను ఇంతసేపు వాదించిన తగువు దానంతటదే తెగిపోతుంది. దాంతోపాటు వేసవి బహుమతీ పోతుంది. రేపు ఎవరైనా ‘ది కాంటినెంట్’ లాంటి నవల మొదటి పాఠం చూడాలనుకుంటే, తెరవడానికి ఆ ఫైలు ఏ లైబ్రరీ దగ్గరా ఉండదు.