పొడికుంచె పెద్దాయన

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలో, ఉద్యోగ విరమణ తరువాత, పిల్లలు ఖాళీ చేసి వెళ్లిన గదిలో కూర్చుని బుల్లి నమూనాలకు రంగులద్దుకునే పెద్దమనుషుల జాతి ఒకటి ఉన్నది. రంగును వీలైనంత తక్కువ వాడడం ఈ జాతి ప్రధాన లక్షణం. కుంచెకు చిక్కటి రంగు అద్ది, అందులో ముప్పాతిక మూడు వంతులు కాగితానికి తుడిచేసి, మిగిలిన ఆ కాస్త మరకతో నమూనాను పైపైన నిమిరితే ఎత్తయిన అంచులకే రంగు అంటి, పల్లాలు చీకటిగానే ఉండిపోతాయి. దీనినే పొడికుంచె పద్ధతి అంటారు. ముప్పయ్యేళ్లు ఇతరుల బిల్లులకు కోతపెట్టిన చేతికి, పిసినారితనమే పనితనంగా చెలామణి అయ్యే ఇటువంటి కళ మరొకటి దొరకదు.

నాలుగంగుళాల చార్మినార్‌కు ముదురు గోధుమరంగు వేసి, అది ఆరాక సున్నపురంగు కుంచెను అటూ ఇటూ ఆడించగానే కమానుల అంచులూ, బాల్కనీల జాలీలూ తేలివస్తాయి. 1591 నాటి కట్టడానికి పట్టిన వయసంతా నాలుగు విసుర్లలో దీనికి పట్టేస్తుంది.

కుంచెలో తడి ఉంటే రంగు పల్లాల్లోకి జారిపోతుంది. లోకంలో మడి తడిబట్టతో వస్తుంది గానీ, పెద్దాయన కుంచె పొడిగా ఉన్నంతసేపే మడి. అందువల్ల రంగు మారినప్పుడల్లా కుంచెను కడగక వేరొకటి తీస్తారు. వాటిలో ఒకటి, ఆయన భార్య నేటికీ వెతుకుతున్న పౌడరు బ్రష్షు.

అక్రిలిక్ రంగు ఒకసారి ఆరితే మళ్లీ నీటిలో కరగదు కనుక, మూత మరల్లో కట్టిన పెచ్చును గీకకపోతే మూత బిగియక, గాలి చొరబడి, మే నెల ఎండలకు డబ్బాలోనే గడ్డకడుతుంది. కాస్త చిక్కబడినదానిని మాత్రం ఆయన పారేయరు; పులిసిన పెరుగు మజ్జిగపులుసుకు పనికివచ్చినట్లు, అది పొడికుంచెకు మరింత అనువైనదని వాదిస్తారు. ఆ మాట నిజమే.

తుడిచే కాగితాన్ని కొనడం ఈ జాతికి నిషిద్ధం. పోటీ పరీక్షల కోచింగ్ కేంద్రాలతో నిండిన అశోక్ నగర్‌లో పాత ప్రశ్నపత్రాలకు కరువు లేదు. మేడమీద అద్దెకుండే కుర్రవాడు మెట్లమీద మరచిన కట్ట కూడా పాతదాని కిందే జమ. ఆ కుర్రవాడు సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి వచ్చి అడిగితే, సరికానిదానిని గుర్తించమన్న ప్రశ్నకింద నాలుగు జవాబులూ గోధుమరంగులో మునిగిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, ‘‘ఆరిందిలే నాయనా, చదువుకో’’ అని అందిస్తారు.