బుధవారం కాదు, శనివారం చూద్దాం

పెంటపాడు చుట్టుపక్కల కోళ్ల ఫారాల వాళ్లకి మా తోడల్లుడి మాట వేదం. కోడిపిల్లలకి మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, రెండో వారంలో గంబోరో, మళ్లీ లసోటా, రెండు నెలలప్పుడు ఆర్2బి సూది. షెడ్డు గోడకి చార్టు అంటించి, వేసిన ప్రతి డోసుకీ పెన్సిలుతో టిక్కు పెడతాడు. "కొక్కెర తెగులు కబురు పెట్టి రాదండీ, బూస్టరు తప్పితే బ్యాచి బ్యాచీ పోద్ది" అని కొత్తగా షెడ్డు వేసినవాళ్లని హడలగొడతాడు.

అంతటి మనిషీ ఐదు నిండిన సొంత కూతురి డీపీటీ రెండో బూస్టరు దగ్గరికొచ్చేసరికి "చూద్దాంలే తమ్ముడూ" అంటాడు.

టీకాలంటే గిట్టనివాడైతే ఓ పూట దెబ్బలాడి తేల్చుకుందును. ఈయన అలా దొరకడు. "వేయించాలి, వేయించకపోతే ఎలా!" అని మనకంటే ముందు తనే అంటాడు. మా ఊళ్లో టీకాల రోజులు బుధ, శనివారాలు. బుధవారం పిల్లకి ముక్కు కారుతూ ఉంటుంది. శనివారం గూడెంలో పెళ్లి. జ్వరం తగిలితే ఫొటోల్లో పిల్ల వాడిపోయి పడుద్ది. మళ్లీ బుధవారానికి ముక్కు బాగానే ఉంటుంది గానీ కోళ్ల మేత లారీ వస్తుంది.

పెద్దాడి విషయంలోనూ ఇదే తంతు. 2017 ఆగస్టులో బళ్లలో తట్టు, రుబెల్లా టీకాలు వేసినప్పుడు ఎవరో ఫోనుకి పంపిన ముక్క చదివి వాణ్ణి ఇంట్లో కూచోబెట్టాడు. తర్వాత వారం వదిన వెంటపడితే కదిలాడు. 2022 మార్చిలో పన్నెండేళ్ల వాళ్లకి కోవిడ్ టీకా కోర్బెవాక్స్ మొదలైనప్పుడు మాత్రం కాస్త మెత్తబడ్డాడు. "బయలాజికల్ ఇ అంటే హైదరాబాదోళ్లదే కదా, ఏదన్నా అయితే వెళ్లి అడగొచ్చు" అని ధీమా. వెళ్లి ఎవర్నడుగుతాడో నాకిప్పటికీ తెలీదు.

ఆయన సలహాదారుల జాబితా చూడాలి మీరు. మేత కొట్టు షావుకారు. కోళ్ల డాక్టరు. ఆ డాక్టరు పాపం "మనుషుల సంగతి నాకెందుకండీ" అని మొత్తుకున్నా వినడు. డాలస్‌లో ఉన్న అన్నకొడుకు. "ఇక్కడా నాలుగు నుంచి ఆరేళ్ల లోపు ఇదే డోసు బాబాయ్, కార్డు చూపించందే బళ్లో చేర్చుకోరు" అని అతను చెబితే, "అక్కడి మందు వేరులే" అని ఫోను పెట్టేశాడు. నిజమే, వేరే. అక్కడిదానితో జ్వరం తక్కువ. ఇక్కడ ప్రైవేటులో దొరుకుతుంది. ఆ సంగతి తెలిశాక, ఏది మంచిదో తేల్చుకోవడానికని ఇంకో నెల దొరికింది మనవాడికి.

చివరికి ఏఎన్‌ఎం గారే ఇంటికొచ్చారు. కాఫీ ఇచ్చి, గుడ్ల ట్రే ఒకటి చేతిలో పెట్టబోయాడు. "గుడ్లొద్దండి బాబూ, పిల్లని తీసుకురండి చాలు" అని ఆవిడ విడమరిచి చెప్పారు. పసితనంలో మూడు డోసులు, ఏడాదిన్నరప్పుడు బూస్టరు పడ్డాయి. ఆ బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి మళ్లీ ఓ పోటు పొడవాలి. ఏడేళ్లు దాటాక ఈ టీకా వెయ్యరు. మనవాడు శ్రద్ధగా తలూపి, బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం కింద దాచిన కార్డు తీశాడు. కళ్లజోడు పెట్టుకుని తారీఖులన్నీ పైకి చదివాడు. ఒక్కటే గడి ఖాళీ. దాన్ని వేలితో తడిమి, "శనివారం చూద్దామండి" అన్నాడు.

ఆ శనివారం ఆయన గుడ్ల లెక్కలకి తణుకు వెళ్లగానే వదిన పిల్లని స్కూటీ ఎక్కించుకుని వెళ్లి వేయించుకొచ్చేసింది. ఆవిడా ధైర్యవంతురాలేం కాదు, సూది పడుతున్నంతసేపూ గోడమీద క్యాలెండరు చూసిందట. పిల్ల మాత్రం ఏడ్చి, అరగంట అక్కడే కూచోమంటే ఆ అరగంటలో మరో పిల్లాడి బిస్కెట్లు తినేసింది.

రాత్రి నాకు ఫోను. "తొంభై తొమ్మిదిన్నర ఉంది తమ్ముడూ." పావుగంటకి మళ్లీ: "తొంభై తొమ్మిదీ పాయింటు ఆరు." ఒకట్రెండు రోజులు జ్వరం మామూలేనని ఏఎన్‌ఎం గారు చెప్పారు కదా అన్నాను. "చెప్పారనుకో, అయినా..." అన్నాడు. అన్నం ముట్టలేదట. పిల్ల పెసరట్టు తిని పడుకుందట. ఆ "అయినా" వింటే నా కోపం సగం చల్లారిపోయింది. వెయ్యి కోళ్లు పోతే నష్టం లెక్క కట్టి గుడ్లు తేలేసే మనిషి, పిల్ల మూలిగితే లెక్కలన్నీ మర్చిపోతాడు.

మిగతా సగం కోపం మర్నాడు మేత కొట్టు దగ్గర తిరిగొచ్చింది. నలుగురిలో కూచుని "మా అమ్మాయికి బూస్టరు వేయించేశానండీ, ఇలాంటివి వాయిదా వెయ్యకూడదు" అంటున్నాడు. నన్ను చూసి పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు: "పదేళ్లకి టీడీ అని ఇంకోటుందట కదా తమ్ముడూ. ఐదేళ్లే టైముంది. ఎవర్నన్నా కనుక్కోవాలి."